రోడ్డు అద్దంలా ఉన్న రోజు

"రోడ్డు అద్దంలా ఉంది" అంటే మన వాడుకలో మెచ్చుకోలు. గుంటల్లేవు, కుదుపుల్లేవు, హాయిగా వెళ్ళిపోవచ్చు అని. కొన్నేళ్ళ కిందట ఒక జనవరి ఉదయం ఆ మాట నా కళ్ళ ముందు అక్షరాలా నిజమైంది. వీధిదీపాల వెలుగు పడి రోడ్డు లోపల్నుంచి వెలుగుతున్నట్టు కనిపించింది. తడి అనుకున్నాను.

మేముండే చోట మంచు అరుదు. పదేళ్ళలో మూడు నాలుగుసార్లు, అదీ ఒక పూట. ముందు రోజు రాత్రంతా సన్నటి వాన పడింది. తెల్లవారకముందే కారు తీశాను. డ్యాష్‌బోర్డు మీద బయటి ఉష్ణోగ్రత 1 డిగ్రీ అని చూపిస్తోంది. సున్నాకి పైనే ఉంది కదా, గడ్డకట్టదులే అనుకున్నాను. ఆ అంకె కారుకి తగిలే గాలిది, చక్రాల కింద రోడ్డుది వేరే ఉంటుంది అన్న సంగతి అప్పటికి నాకు తెలియదు. వీధి దాటాను, మెయిన్ రోడ్డు ఎక్కాను, ఏమీ కాలేదు. ఫ్లైఓవర్ ఎక్కాను.

తేడా ముందుగా తెలిసింది చెవులకి. తడి రోడ్డు మీద టైర్ల కింద నీళ్ళు చిమ్ముతూ ఒక చప్పుడు వస్తూనే ఉంటుంది. అలవాటైపోయి మనం దాన్ని వినం. అది ఉన్నట్టుండి ఆగిపోయింది. కారులో అంత నిశ్శబ్దం నేనెప్పుడూ వినలేదు. ఆ వెంటనే స్టీరింగు తేలికైపోయింది, దేనికీ బిగించి లేనట్టు. ముందు ఒక వ్యాను బ్రేకు లైట్లు వెలిగాయి. నేనూ బ్రేకు తొక్కాను. పాదం కింద పెడలు టకటకా కొట్టుకుంది. కారు వేగం మాత్రం తగ్గలేదు. గంటకి 40 కిలోమీటర్లు కూడా లేను. అంత నెమ్మదిగా, అంత తీరిగ్గా కారు పక్కకి తిరుగుతూ ఫ్లైఓవర్ గోడ వైపు వెళ్ళింది. ఏం జరగబోతోందో పూర్తిగా అర్థమయ్యేంత సమయం ఉంది, ఆపడానికి చేతిలో ఏమీ లేదు. ముందు తలుపు, వెనక తలుపు, రెండూ గోడకి రాసుకుంటూ వెళ్ళి ఆగింది.

తలుపు తీసి ఒక కాలు కింద పెట్టాను. కాలు నిలవలేదు. వెనక కారులోంచి ఎవరో అద్దం దించి, "దిగకండి! లోపలే కూర్చోండి!" అని గట్టిగా అరిచారు. కాలు లోపలికి లాక్కుని తలుపు వేశానో లేదో, ఆ అరిచినాయన కారునే వెనకనుంచి మరో కారు గుద్దింది, ఆయన కారు వచ్చి నాదాన్ని గుద్దింది. నేను దిగి ఉంటే ఆ రెంటి మధ్యా ఉండేవాణ్ణి. ఆయన ముఖం నేను సరిగ్గా చూడలేదు. ఆ గొంతు మాత్రం ఇప్పటికీ గుర్తే.

ఆ ఫ్లైఓవర్ మీద రెండు గంటలు ఇరుక్కుపోయి కూర్చున్నప్పుడు ఫోను తీసి, ముందు రాత్రి పది దాటాక ఆఫీసునుంచి వచ్చిన మెసేజీ మళ్ళీ చదివాను. "రేపు వాతావరణం అనుకూలంగా ఉండకపోవచ్చు. ప్రయాణం విషయంలో మీ విచక్షణ ప్రకారం నిర్ణయించుకోగలరు." కింద ఇంకో వాక్యం: రాలేనివాళ్ళు ఆ రోజుని సెలవుగా నమోదు చేసుకోవాలి. ఈ వ్యాసం ఆ రెండు వాక్యాల గురించి. మంచులో కారు నడపడం గురించి కూడా చెప్తాను, తెలిసి ఉండాలి కాబట్టి. కానీ నా గొడవంతా ఆ "మీ విచక్షణ" తోనే.

ముందు మన భాషతో ఒక ఇబ్బంది ఉంది. ఆకు మీద నిలిచేదీ మంచే, తెల్లారి దారి కనిపించకుండా కమ్మేదీ మంచే, ఆకాశంనుంచి దూదిలా రాలేదీ మంచే, పెట్టెలో గడ్డకట్టేదీ మంచే. కావాలంటే పొగమంచు, మంచుగడ్డ అని విడదీస్తాం గానీ "రేపు మంచు పడుతుందట" అనే మాట వినగానే అందరి మనసులోకీ వచ్చేది దూదిలాంటి తెల్లటి మంచే. పిల్లలు ఆడుకునేది, ఫొటోలు తీసుకునేది. ఆ తెల్ల మంచు కంటికి కనిపిస్తుంది, అదే దాని మంచితనం. కనిపించింది కాబట్టి జాగ్రత్త పడతాం. టైరు గాడులు దాన్ని కొంత కరిచిపట్టుకుంటాయి కూడా.

ఆ ఉదయం నా చక్రాల కింద ఉన్నది వేరు. గడ్డకట్టే వాన అంటే అది. ఎత్తున మేఘాల్లో పుట్టేటప్పుడు అది మంచుపొడే. కిందికి వస్తుంటే మధ్యలో ఒక వెచ్చటి గాలి పొర తగిలి కరిగి వానచుక్క అవుతుంది. నేలకి ఆనుకుని మళ్ళీ సున్నాకి దిగువన ఉన్న చల్లగాలి పొర. ఆ పొర మందంగా ఉంటే చుక్క గాల్లోనే గడ్డకట్టి చిన్న పలుకులుగా టపటపా రాలుతుంది, అది కనీసం వినిపిస్తుంది. పల్చగా ఉంటే గడ్డకట్టడానికి వ్యవధి చాలదు. సున్నాకంటే చల్లబడి కూడా నీరుగానే ఉండి, నేలనో కొమ్మనో తీగనో తాకిన క్షణంలో గడ్డ అయిపోతుంది. పైనుంచి పడేది వానే, చప్పుడు వానదే, రోడ్డు మీద రంగు తారుదే. అందుకే ఆ గడ్డని బ్లాక్ ఐస్ అంటారు. నలుపు దానిది కాదు, అడుగున కనిపించే రోడ్డుది.

1998 జనవరిలో కెనడాలోని క్యుబెక్, ఒంటారియోల్లో ఇలాంటి వానే రోజుల తరబడి పడింది. కరెంటు తీగలు మోసే పెద్ద పెద్ద ఉక్కు టవర్లు ఆ గడ్డ బరువుకి కూలిపోయాయి. లక్షలాది ఇళ్ళు చీకట్లో ఉండిపోయాయి. వానచుక్కే కదా అని చులకనగా మాట్లాడేవాళ్ళకి నేను ఆ టవర్ల సంగతి చెప్తుంటాను.

ఫ్లైఓవర్ ఎందుకు ముందు గడ్డకట్టిందో కూడా తర్వాతే తెలుసుకున్నాను. మామూలు రోడ్డు కింద నేల ఉంటుంది. అది పగటి వేడిని, అంతకుముందు రోజుల వేడిని కొంత దాచుకుని రాత్రంతా మెల్లగా వదులుతుంది. వంతెనకి ఆ ఆసరా లేదు. పైనా గాలే, కిందా గాలే. చుట్టూ రోడ్లన్నీ తడిగా మాత్రమే ఉన్న వేళ వంతెన ఒక్కటీ గాజుపలక అయిపోతుంది. అప్పటిదాకా ఏమీ కాకపోవడమే మనిషిని మోసం చేస్తుంది. నన్ను చేసింది.

ఇక ఆగే దూరం. నాకు లెక్కలంటే ఇష్టం. ఈ ఒక్క లెక్క డ్రైవింగ్ నేర్పేటప్పుడే ప్రతి ఒక్కరి చేతా కాగితం మీద చేయించాలని నా కోరిక. పొడి రోడ్డు మీద టైరుకి ఉండే పట్టు, అంటే ఘర్షణ గుణకం, సుమారు 0.7. గాజులాంటి మంచుగడ్డ మీద 0.1, ఒక్కోసారి ఇంకా తక్కువ. గంటకి 60 కిలోమీటర్ల వేగంలో ఉన్న కారు బ్రేకు పట్టాక పొడి రోడ్డు మీద 20 మీటర్లలో ఆగుతుంది. అదే వేగంలో మంచుగడ్డ మీద 140 మీటర్లు కావాలి. సరే, సగానికి తగ్గించి 30లో వెళ్దాం అనుకుంటాం. అప్పుడు కూడా 35 మీటర్లు. అంటే మంచు మీద 30లో వెళ్ళేవాడు పొడి రోడ్డు మీద 60లో వెళ్ళేవాడికంటే ప్రమాదకరంగా నడుపుతున్నాడు, మనసులో మాత్రం "నేను చాలా నెమ్మదిగా వెళ్తున్నాను" అనుకుంటూ. పొడి రోడ్డు మీద 60కి సమానం కావాలంటే ఇక్కడ 20 దాటకూడదు. బ్రిటన్ రోడ్డు నియమాల పుస్తకం హైవే కోడ్ కూడా మంచు రోడ్డు మీద ఆగే దూరం పొడి రోడ్డుకి పది రెట్లు ఉండొచ్చని హెచ్చరిస్తుంది. పది రెట్లు అని చదివితే పెద్ద మాట అనిపిస్తుంది. ఆ ఫ్లైఓవర్ మీద నాకు అది తక్కువే అనిపించింది.

ఇలాంటి రోజున ఊరు స్తంభించిపోతే చలిదేశాల్లో ఉండేవాళ్ళు నవ్వుతారు. "రెండంగుళాల మంచుకే ఇంత గోలా? మా దగ్గర రెండడుగులు పడినా పిల్లలు బడికి వెళ్తారు" అంటారు. ఈ మాట స్నేహితులనుంచి, బంధువులనుంచి ఎన్నోసార్లు విన్నాను. వాళ్ళ మీద నాకు కోపం లేదు, కానీ ఆ పోలికలో పెద్ద తప్పుంది, అది మనుషుల ప్రాణాల మీదికి తెస్తోంది కాబట్టి కాస్త వివరంగా చెప్పాలి.

మంచుగడ్డ అన్నిచోట్లా ఒకేలా జారదు. 1850లోనే మైకేల్ ఫారడే రెండు మంచుగడ్డలు ఆనించి పెడితే అతుక్కుపోవడం చూపించి, గడ్డ పైభాగాన ద్రవంలాంటి పల్చటి పొర ఉంటుందని చెప్పాడు. ఉష్ణోగ్రత సున్నాకి దగ్గరయ్యే కొద్దీ ఆ పొర మందమవుతుంది. చక్రం ఒరిపిడికి పుట్టే వేడి తోడైతే పైన నీరే నిలుస్తుంది. గడ్డ మీద నీరు, దాని మీద టైరు: అంతకంటే జారేది ఇంకోటి లేదు. మైనస్ 20 దగ్గర గట్టిపడి ఎండిన మంచు దానికంటే ఎంతో నయం, టైరుకి కొంత పట్టు దొరుకుతుంది. మంచు అరుదుగా పడే ఊళ్ళలో అది దాదాపు ఎప్పుడూ సున్నాకి అటూ ఇటూగానే పడుతుంది. ఉదయం కరిగి, సాయంత్రం మళ్ళీ గడ్డకడుతుంది. రెండడుగుల పొడి మంచులో ఇరవయ్యేళ్ళు నడిపినవాడికి కూడా ఈ రెండు మిల్లీమీటర్ల గాజు కొత్తదే.

ఆపైన సరంజామా. చలిదేశం మొత్తం దానికోసం ఏడాది పొడుగునా సిద్ధపడి ఉంటుంది. క్యుబెక్‌లో డిసెంబరు 1నుంచి మార్చి 15దాకా శీతాకాలపు టైర్లు లేకుండా కారు తిప్పడం నేరం. జర్మనీలో రోడ్డు మీద మంచు ఉంటే ఆ టైర్లు ఉండి తీరాలి. స్వీడన్‌లో లైసెన్సు ఇచ్చేముందు కావాలని జారేలా చేసిన ట్రాక్ మీద నడిపిస్తారు, కారు అదుపు తప్పితే ఎలా ఉంటుందో ఒళ్ళు తెలుసుకోవాలని. మామూలు వేసవి టైరు రబ్బరు 7 డిగ్రీలకి దిగువన గట్టిపడటం మొదలుపెడుతుంది. దానికి మంచు కూడా అక్కర్లేదు, చలి చాలు. శీతాకాలపు టైరు రబ్బరు మెత్తగానే ఉంటుంది, దాని ఒంటినిండా సన్నటి చీలికలు ఉంటాయి. మాలాంటి చోట ఆ టైర్లు ఎవరూ కొనరు. కొనమనడం కూడా న్యాయం కాదు, పదేళ్ళలో నాలుగు పూటల కోసం. ఉప్పు చల్లే బండ్లు ఎన్నో ఉండవు. ఉన్నా ఉప్పు అన్నిటికీ మందు కాదు. ఉప్పునీరు మైనస్ 21దాకా గడ్డకట్టదని పుస్తకంలో ఉంటుంది గానీ, రోడ్డు మీద మైనస్ 9, 10 దాటితే మామూలు ఉప్పు పని చాలా మందగిస్తుంది. ముందుగా చల్లిన ఉప్పునీటిని వాన కడిగేస్తుంది కూడా.

కాబట్టి అలాంటి ఊరు స్తంభించిపోవడం చేతకానితనం అనుకోను. ఆ ఊరికి ఉన్న ఒకే ఒక్క రక్షణ అదే. బండ్లు లేవు, టైర్లు లేవు, అలవాటు లేదు. చేతిలో ఉన్నది ఒక్కటే, కదలకుండా ఉండటం. దాన్ని సరైన వేళకి వాడుకోవాలి, అందరూ కలిసి వాడుకోవాలి.

అమెరికాలోని అట్లాంటాలో ఇది రెండుసార్లు రుజువైంది, రెండు వారాల తేడాతో. 2014 జనవరి 28న అక్కడ పడింది రెండు మూడు అంగుళాల మంచే. ఉదయం అందరూ మామూలుగా పనులకి వెళ్ళారు, పిల్లలు బళ్ళకి వెళ్ళారు. మధ్యాహ్నం మంచు మొదలయ్యాక బళ్ళు, ఆఫీసులు, దుకాణాలు అన్నీ దాదాపు ఒకేసారి వదిలేశాయి. ఊరంతా ఒక్కసారిగా రోడ్డెక్కింది. చక్రాల కింద మంచు నలిగి, కరిగి, గడ్డకట్టింది. ఉప్పు చల్లాల్సిన బండ్లు కూడా ఆ ట్రాఫిక్‌లోనే ఇరుక్కుపోయాయి. వేలమంది పిల్లలు ఆ రాత్రి స్కూళ్ళలోనే పడుకున్నారు, కొందరు బస్సుల్లోనే ఉండిపోయారు. ఇంటర్‌స్టేట్ 285 హైవే మీద ఆగిపోయిన కారులో ఒక ఆడపిల్ల పుట్టింది. తర్వాత రాష్ట్ర గవర్నరు బాధ్యత తనదేనని ఒప్పుకున్నాడు.

ఫిబ్రవరి రెండో వారంలో మళ్ళీ వచ్చింది, ఈసారి అంతకంటే గట్టిది, గడ్డకట్టే వానతో. అప్పుడు తుపాను రాకముందే అత్యవసర పరిస్థితి ప్రకటించారు, బళ్ళూ ఆఫీసులూ ముందే మూసేశారు. కరెంటు పోయింది, చెట్లు కూలాయి. రోడ్లు మాత్రం ఖాళీగా ఉన్నాయి. అదే ఊరు, అవే టైర్లు, అదే డ్రైవర్లు. రెండు వారాల్లో ఎవరూ మంచులో నడపడం నేర్చేసుకోలేదు. మారింది ఒక్కటే. నిర్ణయం ముందు తీసుకున్నారు, దాన్ని ఎవరి విచక్షణకీ వదల్లేదు.

టెక్సస్ రాష్ట్రంలోని ఫోర్ట్‌వర్త్‌లో 2021 ఫిబ్రవరి 11న జరిగింది తలచుకుంటే నాకు ఇప్పటికీ చేతులు చల్లబడతాయి. పొద్దున్న ఆరింటికి, ఇంటర్‌స్టేట్ 35డబ్ల్యూ మీద, 130కి పైగా వాహనాలు ఒకదాన్నొకటి గుద్దుకున్నాయి. ఆరుగురు చనిపోయారు. ఇరుక్కున్నవాళ్ళలో చాలామంది ఆసుపత్రి డ్యూటీలకి వెళ్తున్నవాళ్ళు, డ్యూటీ దిగి ఇంటికి వస్తున్నవాళ్ళు. ఆ రోడ్డు మీద ఉప్పునీరు చల్లింది దాదాపు రెండు రోజుల ముందు. ఆ తర్వాత పడ్డ గడ్డకట్టే వానకి రోడ్డు ఏమైందో సరిగ్గా కనిపెట్టి చూడలేదని దర్యాప్తు తేల్చింది. వాళ్ళలో ప్రతి ఒక్కరూ ఆ ఉదయం తమ విచక్షణ ఉపయోగించే ఉంటారు. ఇంట్లోంచి చూస్తే వాన, వీధిలో చూస్తే తడి. కంటికి కనిపించని దాని మీద విచక్షణ ఎలా పని చేస్తుంది?

నా అసలు మాట ఇదీ. విచక్షణ అనేది సమాచారం ఉన్నవాడి దగ్గర, కాదనే స్వేచ్ఛ ఉన్నవాడి దగ్గర ఉండాలి. పొద్దున్నే చీకట్లో కారు తాళాలు పట్టుకుని నిలబడ్డ మనిషికి ఆ రెండూ ఉండవు. ఆ వంతెన సంగతి అతనికి తెలియదు. సెలవు పోతుందని, జీతం తెగుతుందని, పక్కవాడు వెళ్తే తను వెళ్ళకపోవడం కనిపిస్తుందని మాత్రం బాగా తెలుసు. అలాంటివాడికి "మీ ఇష్టం" అని చెప్పడం అతని మీద గౌరవంలా వినిపిస్తుంది గానీ, జరగబోయేదాని భారం ముందే అతని నెత్తిన పెట్టి చేతులు దులుపుకోవడమే అది. నా కారు రెండు తలుపులూ బాగు చేయించుకున్నప్పుడు ఆఫీసులో అందరూ జాలిపడ్డారు. "ఎందుకు బయలుదేరారండీ అసలు?" అని అడిగారు. ఆ ప్రశ్న వేసినవాళ్ళే ఆ మెసేజీ పంపారు.

దీనికి ఎదురుమాటలు నాకు తెలుసు. అందరూ ఇంట్లో కూర్చుంటే ఆసుపత్రులెవరు నడుపుతారు, కరెంటు తీగలెవరు బాగుచేస్తారు అంటారు. వాళ్ళ కోసమే నేనడుగుతున్నాను. లైన్‌మన్, నర్సు, అంబులెన్సు డ్రైవరు తప్పనిసరిగా వెళ్ళాల్సినవాళ్ళు. వాళ్ళకి ఖాళీ రోడ్డు కావాలి. ఉప్పు బండికి కూడా ఖాళీ రోడ్డు కావాలి. తప్పనిసరి కాని మనిషి కారు అడ్డం తిరిగి ఆగిపోయిన చోట అంబులెన్సు కూడా ఆగిపోతుంది. ఆ ఉదయం ఫ్లైఓవర్ మీద అడ్డంగా ఉన్న కారు నాది. నా పని ఇంట్లోంచి చేయగలిగేదే.

రోజుకూలి, గంటల లెక్కన జీతం తీసుకునేవాళ్ళ సంగతి కష్టమైనది, దాన్ని తేల్చేశానని చెప్పను. కానీ ఆ ఒక్క రోజు జీతం ఇవ్వడం యజమానికి ఎంత భారమో, ఆ మనిషి కారు పాడైతే ఆ ఇంటికి ఎంత భారమో పక్కపక్కన పెట్టి చూస్తే ఎవరు మోయగలరో కనిపిస్తుంది. ఏళ్ళకొకసారి వచ్చే ఖర్చు అది.

అమెరికా ఫెడరల్ హైవే అడ్మినిస్ట్రేషన్ లెక్క ప్రకారం మంచు, బురదమంచు, గడ్డ ఉన్న రోడ్ల మీద జరిగే ప్రమాదాల్లో అక్కడ ఏడాదికి 1,300 మందికి పైగా చనిపోతున్నారు, లక్షకి పైగా గాయపడుతున్నారు. అన్ని సరంజామాలూ ఉన్న రాష్ట్రాలు కూడా కలిసిన లెక్క అది.

తప్పనిసరిగా బయలుదేరాల్సి వచ్చినవాళ్ళకి నేను తెలుసుకున్నవి చెప్తాను. చేతికీ పాదానికీ సంబంధించిన మొదటి సంగతి: ఏదీ ఉన్నట్టుండి చేయకూడదు. బ్రేకు, యాక్సిలరేటరు, స్టీరింగు, దేన్నయినా పాదం కింద గుడ్డు ఉన్నట్టు మెల్లగా. టైరుకి ఉన్న కాస్త పట్టు ఆపడానికో తిప్పడానికో సరిపోతుంది, రెండూ ఒకేసారి అడిగితే రెండూ దక్కవు. మలుపు రాకముందే, కారు తిన్నగా వెళ్తున్నప్పుడే వేగం తగ్గించుకోవాలి. కారు జారడం మొదలైతే పాదం యాక్సిలరేటరు మీంచి తీసి, ఎటు వెళ్ళాలో అటు చూస్తూ అటే స్టీరింగు తిప్పాలి. గుద్దబోయే గోడ వైపు చూస్తే చేతులు కూడా అటే వెళ్తాయి. నేను గోడనే చూశాను. క్రూయిజ్ కంట్రోల్ మాత్రం ఆ రోజు ముట్టుకోవద్దు, చక్రం జారుతున్నా అది వేగం నిలబెట్టాలని చూస్తుంది.

ఏబీఎస్ ఉన్న కారులో పెడలు టకటకలాడితే భయపడి పాదం ఎత్తకూడదు, నొక్కే ఉంచాలి. చక్రం బిగుసుకుపోకుండా బ్రేకుని వదిలి పడుతూ ఉంటుంది కాబట్టే ఆ అదురు. పాతకాలం కార్లలో పాదంతో చేసే పనిని అదే చేస్తోంది. అయితే మంచు మీద అది దూరాన్ని తగ్గించదు, కారు తిప్పుకునే వీలు మాత్రం మిగులుస్తుంది. నాలుగు చక్రాలకీ ఇంజను శక్తి వెళ్ళే పెద్ద బండ్లు ఉన్నవాళ్ళు ఈ పేరా రెండుసార్లు చదవాలని నా మనవి. ఆ బండి మంచులో బాగా కదులుతుంది, ఎత్తు ఎక్కుతుంది. ఆగే విషయంలో మాత్రం చిన్న కారుకంటే దానికి వేరే వరమేమీ లేదు. బ్రేకులు అన్ని కార్లకీ నాలుగు చక్రాలకే ఉంటాయి, రోడ్డుతో పట్టు టైరు రబ్బరుదే. బాగా కదలడం వల్ల వచ్చే ధీమా ఆ డ్రైవరుని వేగంగా తీసుకెళ్తుంది, ఆగాల్సిన చోటికి.

అద్దం మీద గడ్డని వేడినీళ్ళు పోసి కరిగించొద్దు, అద్దం పగులుతుంది, పోసిన నీళ్ళు కింద మళ్ళీ గడ్డకడతాయి. గీకాలి, ఓపిగ్గా, అన్ని అద్దాలూ. కారు పైకప్పు మీద మంచు దులపకుండా బయలుదేరితే బ్రేకు పట్టినప్పుడు అది మొత్తం ముందద్దం మీదికి జారుతుంది, లేదా వెనకవాడి మీద పడుతుంది. చలికి టైరులో గాలి కూడా తగ్గుతుంది, ఉష్ణోగ్రత ఆరు డిగ్రీలు పడిపోయిన ప్రతిసారీ సుమారు ఒక పీఎస్ఐ చొప్పున.

మంచులో ఇరుక్కుపోయి గంటల తరబడి కూర్చోవాల్సి వస్తే సైలెన్సర్ గొట్టం సంగతి గుర్తుపెట్టుకోవాలి. అది మంచులో కూరుకుపోతే కార్బన్ మోనాక్సైడ్ కారులోకే వస్తుంది. వాసన లేదు, రంగు లేదు, నిద్ర వస్తున్నట్టే ఉంటుంది. గొట్టం చుట్టూ శుభ్రం చేసి, ఇంజను గంటకి పది నిమిషాలు మాత్రం నడిపి, ఒక అద్దం కాస్త దించుకోవాలి. 2022 జనవరి 3న వర్జీనియాలో ఇంటర్‌స్టేట్ 95 మీద వందల వాహనాలు ఒక రాత్రంతా ఆగిపోయాయి. ఆ రాష్ట్రం తరఫున అమెరికా సెనేటరైన టిమ్ కెయిన్ కూడా ఒక రోజుకి పైగా అందులోనే ఉండిపోయాడు. కారులో దుప్పటి, మంచినీళ్ళు, ఫోను చార్జరు పెట్టుకోవడం భయస్తుల లక్షణం కాదని అందుకే అంటాను.

ఇంట్లో ఉండమని చెప్పినంత మాత్రాన పని అయిపోదని కూడా నాకు తెలుసు. 2021 ఫిబ్రవరిలో టెక్సస్‌లో రోడ్లు గడ్డకట్టిన ఆ వారంలోనే లక్షలాది ఇళ్ళకి కరెంటు పోయింది. రాష్ట్ర ఆరోగ్యశాఖ లెక్కలో చనిపోయినవాళ్ళు 246 మంది, చాలామంది చలికే. వెచ్చదనం కోసం గరాజ్‌లో కారు స్టార్ట్ చేసుకుని కూర్చుని, ఆ పొగకి పోయినవాళ్ళు ఉన్నారు. బయట తిరగకుండా ఉండాలంటే లోపల బతికే వీలుండాలి. కరెంటు, నీళ్ళు, వెచ్చదనం చూసుకోవాల్సిన వ్యవస్థ ఎండాకాలం కోసమే కట్టినదైతే, ఒక్క వారం చలికి మనుషులు కార్లలో తలదాచుకోవాల్సి వస్తుంది. ఆ నిర్ణయం కూడా ఎవరి విచక్షణ వల్లా మారదు, పైనుంచి జరగాలి.

ఇప్పుడు నా కింద పదకొండు మంది పని చేస్తున్నారు. మొన్న జనవరిలో అర్ధరాత్రి దాటాక గడ్డకట్టే వాన పడొచ్చని హెచ్చరిక వచ్చింది. సాయంత్రం ఏడింటికి మెసేజీ పంపాను: "రేపు ఆఫీసుకి ఎవరూ రావద్దు. దీన్ని సెలవు కింద రాయం. మధ్యాహ్నం పన్నెండింటికి మళ్ళీ చెప్తాను." కొత్తగా చేరిన అబ్బాయి ఒకడు కాసేపాగి జవాబిచ్చాడు. "నిజంగా రావద్దా అండీ, లేక మా ఇష్టమా?"

"రావద్దు" అని రాశాను.

ఆ రాత్రి ఉష్ణోగ్రత 2 డిగ్రీల దగ్గరే ఆగిపోయింది. పడింది ఒట్టి వాన. తెల్లారేసరికి రోడ్లు తడిగా, నలుపుగా, మామూలుగా ఉన్నాయి. టైర్ల కింద నీళ్ళు చిమ్మే చప్పుడు మా ఇంటిదాకా వినిపించింది. తొమ్మిదింటికి పైనుంచి ఫోను వచ్చింది, ఒక రోజు పని పోయింది కదా అని. హెచ్చరిక నిజమయ్యే దాకా ఆగి ఉంటే అందరూ అప్పటికే వంతెన మీద ఉండేవారని చెప్పాను. మళ్ళీ హెచ్చరిక వస్తే మళ్ళీ ఇదే పంపుతానని కూడా చెప్పాను. ఆ మెసేజీ నా ఫోనులో అలాగే ఉంది, రోజు వచ్చినప్పుడు వెతుక్కోకుండా పైకి పిన్ చేసి పెట్టుకున్నాను.